ఉప్పు తిన్న బండి

పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో పాత డీజిల్ వ్యాను అమ్మడానికి పెద్ద విద్యలేవీ అక్కర్లేదు. ఒక్క వాక్యం కంఠతా వస్తే చాలు: "అండమాన్ బండి బావా, ఎక్కడికి తిరుగుతాది సెప్పు?" ఆ మాట అని బ్రోకరు చెయ్యి నాలుగు దిక్కులా ఒకసారి తిప్పుతాడు. అటు సముద్రం, ఇటు సముద్రం, మధ్యలో మనం, మన ముందు ఒక తెల్ల వ్యాను. కొనేవాడు కూడా చుట్టూ చూసి, నిజమే, నీళ్ళ మీద బండి నడవదు కదా అని తలాడిస్తాడు. భూగోళశాస్త్రం ఇంత లాభసాటిగా పనికొచ్చిన చోటు నాకు తెలిసి ఇంకొకటి లేదు.

ఈ వాదన ఎంత గట్టిదంటే, ఎదురు ప్రశ్న వేసినవాడే వెర్రివాడిలా కనబడతాడు. మీటరు 38,000 చూపిస్తోంది, సీ బుక్కులో తయారైన ఏడు 2012 అని ఉంది అనుకోండి. లెక్క కడితే రోజుకి ఎనిమిది కిలోమీటర్లు. తెల్లారకుండానే జెట్టీలో చేపలెక్కించుకుని అబర్దీన్ బజారుకి, అక్కణ్ణించి గారాచర్మకి, మళ్ళీ ఐసు కోసం వెనక్కి వచ్చిన వ్యాను పొద్దుగూకేసరికి ఎనిమిది కిలోమీటర్లే తిరిగిందంటే, మధ్యలో దాన్ని ఎవరో నలుగురు భుజాల మీద మోసి ఉండాలి.

పైగా అండమాన్ ఏమీ అరచేతి మందాన లేదు. ఇక్కణ్ణించి దిగ్లీపూర్ వెళ్ళాలంటే మూడు వందల కిలోమీటర్ల పైమాటే. జిర్కటాంగ్ చెక్‌పోస్టు దగ్గర కాన్వాయ్ కోసం వరసలో నిలబడాలి, జరవాల అడవి దాటేదాకా ఓవర్‌టేక్ చెయ్యకుండా ముందు బండి వెనక నడవాలి, మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బండితో సహా పంటు ఎక్కాలి. ఆ తర్వాత రంగత్, మాయాబందర్. సీజన్లో టూరిస్టుల్ని మోసిన టెంపో ట్రావెలరూ, సరుకు వేసుకెళ్ళిన బొలెరో పికప్పూ ఈ దారి ఎన్నిసార్లు తొక్కి ఉంటాయో వాటి టైర్లకు తెలుసు. బ్రోకరుకి మాత్రం అమ్మేవేళకి ద్వీపం హఠాత్తుగా కుంచించుకుపోతుంది.

సరే, మీటరు సత్యహరిశ్చంద్రుడే అనుకుందాం. అప్పుడింకా కష్టం. చక్రం తిరిగితేనే మీటరు కదులుతుంది. ఇంజన్ ఊరికే ఆడినంతసేపూ అది నిద్రపోతుంది. వేలంపాట ముగిసేదాకా జెట్టీలో స్టార్టింగ్‌లోనే ఉంచిన గంటలు దాన్లో ఉండవు. పోర్ట్‌బ్లెయిర్ ఎత్తుల మీద లోడుతో ఫస్టు గేరులో ఏడ్చుకుంటూ ఎక్కిన కిలోమీటరూ, చదునైన హైవే మీద టాప్ గేరులో సాగిన కిలోమీటరూ దానికి ఒకటే. డీజిల్ ఇంజన్ బాగా వేడెక్కి, ఆ వేడి మీద కాసేపు నడిస్తేనే ఒంటికి మంచిది. రెండు కిలోమీటర్లు వెళ్ళి ఆపి, మళ్ళీ రెండు కిలోమీటర్లు వెళ్ళి ఆపిన ఇంజన్‌లో మసి పేరుకుంటుంది, కాలని డీజిల్ ఆయిల్‌లోకి జారుతుంది, లోపల పట్టిన చెమ్మ ఆరదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక చాలా డీజిల్ బళ్ళకు సైలెన్సరు గొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఒకటి తోడైంది. గొట్టం బాగా కాలితేనే అందులో మసి బూడిదవుతుంది. దగ్గర దగ్గర ట్రిప్పులు కొడితే అది మూసుకుపోతుంది, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. ఆ లైటు వెలగకుండా చెయ్యడానికి తెలిసినవాళ్ళు ఫిల్టరు మార్చరు, బల్బు పీకేస్తారు. అందుకే తాళం తిప్పగానే లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరుతున్నాయా లేదా చూడాలి. అసలు వెలగని లైటు ఆరోగ్యానికి గుర్తు కాదు.

అంటే "ఎక్కడికి తిరుగుతాది" అన్నది బండి మీద పొగడ్త కాదు, నేరారోపణ. మనం దాన్ని పొగడ్తగా విని పదివేలు ఎక్కువిస్తున్నాం.

అసలు కథ మీటరులో కాదు, బండి కింద ఉంది. జంగ్లీఘాట్ జెట్టీలో పొద్దున్నే నిలబడి ఒక వ్యానుని చూడండి చాలు. వెనక తలుపు తీసి థర్మాకోల్ పెట్టెలు ఎక్కిస్తారు. వంజరం, సూర, కనగర్తలు, పైన ఐసు. ఐసు కరగడం మొదలవుతుంది. చేపల ఉప్పునీరు దాంతో కలిసి పెట్టె అడుగు నుంచి ఫ్లోరు రేకు మీదికి, రేకు అతుకుల్లోంచి ఛాసీ మీదికి, ఛాసీ కన్నాల్లోంచి దాని బోలు పొట్టలోకి దిగుతుంది. బండి కదిలాక వెనక బంపరు కింద ధార కడుతూ రోడ్డంతా గీత గీస్తుంది. ఆ గీతని చూసి ముక్కు మూసుకుంటాం గానీ, రోడ్డు మీద పడింది పడగా లోపల మిగిలిందెంత అని ఎవరూ అడగరు. మిగిలింది అక్కడే కూర్చుని, ఇనుముని లోపలి నుంచి బయటికి నిదానంగా తింటుంది. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

వాన కడిగేస్తుందిలే అని ఒక ధైర్యం. వానకి కొదవేం లేదు. మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలూ పంచుకుని ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల దాకా కురిపిస్తాయి. పైన కడుగుతాయి. కింద మాత్రం చక్రాలు చిమ్మిన బురద మడ్‌గార్డు మూలల్లో అంటుకుని, ఉప్పునీ తడినీ కలిపి అక్కడే పట్టి ఉంచుతుంది. మంచినీళ్ళతో కింద కొట్టి కడగాలి అని పుస్తకంలో రాస్తారు. ఎండాకాలం ధనిఖారీ డ్యాంలో మట్టం పడిపోతే మనుషులకే నీళ్ళు వంతులవారీగా వస్తాయి. బిందెలు వరసలో పెట్టుకున్న వీధిలో వ్యాను పొట్ట కడిగేవాణ్ణి ఊరుకుంటారా?

డీజిల్‌కీ సముద్రానికీ పడదని తేలింది నిన్నా మొన్నా కాదు. ఆ ఇంజన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1913 సెప్టెంబరు 29న ఓడెక్కి ఇంగ్లాండు బయల్దేరి, రాత్రికి రాత్రి ఓడ మీంచి మాయమయ్యాడు. కొన్నాళ్ళకి శవం నీళ్ళలో తేలింది. ఆయనకే తప్పలేదు, మన టాటా ఏస్ ఎంత!

కాబట్టి కొనేవాడు చెయ్యాల్సిన మొదటి పని చాలా అమర్యాదకరమైనది. ఓ గోనెపట్టా పరిచి బండి కింద వెల్లకిలా పడుకోవాలి. చేతిలో టార్చి, ఒక స్క్రూడ్రైవరు. స్క్రూడ్రైవరు పిడితో ఛాసీ పొడుగునా కొట్టుకుంటూ పోవాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తినేసినది డొల్లగా, మొద్దుగా పలుకుతుంది. కమాను పట్టీలు ఛాసీకి పట్టుకునే చోట, వెనక చక్రాల పైన, బాడీకీ ఛాసీకీ మధ్య రబ్బరు బుష్షుల దగ్గర మొనతో ఒకసారి గుచ్చి చూడాలి. పొరలు పొరలుగా ఊడి కళ్ళలో పడితే అదే మీ జవాబు. బ్రేకు పైపులు చూడాలి. వాటి మీద తుప్పు బొబ్బలు లేచి ఉంటే ఆ బండి ఆగేది దేవుడి దయవల్లే. డీజిల్ ట్యాంకుని పట్టి ఉంచే బెల్టులు చూడాలి. డ్రైవరు కాళ్ళ కింది మ్యాటు ఎత్తాలి. మ్యాటు కింద మ్యాటు, దాని కింద ఫ్లెక్సీ బ్యానరు ముక్క కనబడితే, ఆ ఫ్లెక్సీ మీద నవ్వుతున్న నాయకుడి కింద రోడ్డు కనబడుతుందేమో కూడా చూసుకోవాలి. గుడ్డ చుట్టిన అయస్కాంతం ఒకటి జేబులో ఉంటే ఇంకా మంచిది. తలుపుల అడుగున అది అంటుకోని చోటల్లా రేకు లేదు, పుట్టీ ఉంది.

వింగర్ లాంటి వ్యాన్లకి ఛాసీ విడిగా ఉండదు, ఒళ్ళే ఎముక. వాటి అడుగు తుప్పు పట్టిందంటే "టింకరింగ్ సేయిస్తే కొత్త బండైపోద్ది" అన్న మాట వినగానే లేచి ఇంటికి వెళ్ళిపోవచ్చు.

ఇంకొకటి. కొన్ని బళ్ళకు కింద తళతళలాడే నల్లరంగు కొత్తగా వేసి ఉంటుంది. "రస్టు కోటింగ్ సేయించాం బావా, మన బండి కదా" అంటాడు. పదేళ్ళు పట్టని ప్రేమ అమ్మకానికి వారం ముందు పుట్టుకొచ్చిందంటే, ఆ రంగు కింద దేన్ని సమాధి చేశారో తవ్వి చూడాల్సిందే. గోకి చూడ్డానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే అది కూడా ఒక జవాబే.

కానీ మనవాళ్ళు కింద పడుకోరు. బండి చూడ్డానికి వెళ్ళేది ఇస్త్రీ చొక్కా వేసుకుని, మంచి ఘడియ చూసుకుని, వెంట ఒక బావమరిదిని తీసుకుని. బావమరిది ముందు టైరుని కాలితో ఒక తన్ను తన్నుతాడు. ఆ తన్ను వల్ల టైరు గురించి ఏం తెలుస్తుందో ఇంతవరకు ఎవరూ బయటపెట్టలేదు, కానీ తన్నకుండా బేరం మొదలవదు. తర్వాత తలుపు తీసి మూసి శబ్దం వింటారు. హారన్ కొడతారు. పాటలు పెట్టి బాసు సరిపోయిందో లేదో చూస్తారు. సీటు కవర్లు నలిపి చూస్తారు. నంబరు ప్లేటు మీది అంకెలు కూడి తొమ్మిది వస్తే ముఖాలు వికసిస్తాయి. ఆ పైన ఇంజన్ స్టార్ట్ చేయమంటారు. అది మొదటి తిప్పుకే అందుకుంటుంది. "సూసావా!" అంటాడు బ్రోకరు. అందరూ సూస్తారు. బానెట్టు మీద చెయ్యి పెట్టి చూసినవాడు మాత్రం ఉండడు. పెట్టి ఉంటే చెయ్యి చుర్రుమనేది.

2015 సెప్టెంబరులో అమెరికాలో ఫోక్స్‌వాగన్ కంపెనీ దొరికిపోయింది. పొగ పరీక్ష జరుగుతోందని కారే పసిగట్టి, ఆ కాసేపూ బుద్ధిగా ఉండేలా డీజిల్ కార్లలో సాఫ్ట్‌వేరు దాచిపెట్టారు. ప్రపంచం మొత్తం మీద అలాంటివి కోటీ పది లక్షల బళ్ళు. జర్మన్ ఇంజనీర్లు పాపం ఎంత కష్టపడ్డారో! మన బ్రోకరు అంత ఖర్చులోకి దిగడు. మీరు వచ్చే అరగంట ముందు ఇంజన్ వేడిచేసి ఉంచుతాడు, అంతే. వేడి మీదున్న డీజిల్ ఇంజన్ అరిగిపోయిన రింగులతోనైనా అందుకుంటుంది. చల్లారిన ఇంజన్ అబద్ధం చెప్పలేదు. అందుకే చెప్పకుండా పొద్దున్నే వెళ్ళాలి, రాత్రంతా ఆగి ఉన్న బండిని స్టార్ట్ చేయించి వెనక నిలబడాలి. నల్లపొగ ఆగకుండా వస్తే ఇంజెక్టర్లో, పంపో, కనీసం ఎయిర్ ఫిల్టరో చూడాలి. నీలం పొగ అంటే ఆయిల్ తాగుతోంది. తెల్లపొగ వేడెక్కాక కూడా తగ్గకపోతే లోపలికి నీళ్ళు వెళ్తున్నాయేమోనని భయపడాలి. "సలికాలం కదా బావా, తెల్లపొగ మామూలే" అని అంటారు. పోర్ట్‌బ్లెయిర్‌లో చలికాలమట!

ఇంజన్ ఆడుతుండగా ఆయిల్ పోసే మూత విప్పమనండి. గుప్పుగుప్పుమని ఆవిరి ముఖానికి కొడితే రింగుల పని అయిపోయింది. మూత లోపలివైపు తెల్లటి జిగురు పట్టి ఉంటే రెండే కారణాలు: రేడియేటరు నీళ్ళు ఆయిల్‌లో కలుస్తున్నాయి, లేదా ఇంజన్ ఎప్పుడూ సరిగ్గా వేడెక్కలేదు, అంటే బండి నిజంగానే ఎక్కడికీ తిరగలేదు. బ్రోకరు జీవితంలో నిజం చెప్పిన రోజుకి సాక్ష్యం ఆ మూత కింద దొరుకుతుంది.

క్లచ్ సంగతి ఊరే చెబుతుంది. లోడు వేసి ఒక ఎత్తు ఎక్కించండి. ఇంజన్ రొద పెరుగుతూ బండి మాత్రం కదలకపోతే ప్లేటు అయిపోయింది.

"ఇంజన్ సీల్ విప్పనేదు" అన్నది ఇంకో బిరుదు. విప్పాల్సిన రోజు వచ్చి ఎన్నాళ్ళయిందో కూడా అడగాలి. "సింగిల్ ఓనర్" అన్నది మరో గొప్ప. ఓనర్ ఒక్కడే, నిజమే, ఆయన ఏనాడూ స్టీరింగ్ పట్టలేదు. పట్టినవాళ్ళు ఏడాదికొకడు మారారు. ప్రతివాడూ ముందువాడు క్లచ్ పాడుచేశాడని తిట్టుకుంటూ తన వంతు పాడుచేసి వెళ్ళాడు. సీ బుక్కులో వాళ్ళ పేర్లకి గడి లేదు.

ఇక రెండో రకం సరుకు, ఓడెక్కి వచ్చినది. ద్వీపం బండి వద్దనుకున్నవాడికి "మెయిన్‌లాండ్ బండి, ఉప్పు తగల్నేదు" అని అదే నోటితో అమ్ముతారు. ఉదయం ఉప్పు లేనేలేదన్న మనిషే సాయంత్రానికి ఉప్పు మీద ఉపన్యాసం ఇస్తాడు. విశాఖ నుంచో చెన్నై నుంచో వెయ్యి కిలోమీటర్ల పైన సముద్రం దాటించి ఒక పాత వ్యానుని తెస్తున్నారంటే, అక్కడ దానికి ఎందుకు గిరాకీ లేకపోయిందని మనం అడగం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖని కుదిపింది. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ మీద పడింది. ప్రతి వరద తర్వాతా నీట మునిగిన బళ్ళని బీమా కంపెనీలు వేలానికి పెడతాయి, ఎవరో కొంటారు, కడిగి ఆరబెట్టి సెంటు కొడతారు. సెంటు గుప్పుమనే వ్యానుని అనుమానించండి. సీటుబెల్టుని చివరి అంగుళం దాకా లాగండి. చుట్టలోపల బురద చారిక ఉంటే అది నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో చెప్పే గీత. సీటు కింది బోల్టులు చూడండి. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళని రోడ్డెక్కనివ్వొద్దని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఆ కథ తర్వాత ఎన్ని మలుపులు తిరిగినా, అప్పట్లో ఎన్నో బళ్ళు ఎన్‌ఓసీ పుచ్చుకుని ఊరు విడిచాయి. అక్కడ ఊపిరికి పనికిరానిది ఇక్కడ "ఢిల్లీ బండి, ఏసీ బండి" అయింది.

శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలకి పడవ తర్వాత పెద్ద ఖర్చు ఈ వ్యానే. 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాల్లో వందకి పదముగ్గురు తెలుగువాళ్ళు. పడవ కొనేటప్పుడు ఈ మత్స్యకారులు చూసే చూపు చూడాలి! చెక్క తట్టి చూస్తారు, అతుకు అతుకూ వేలితో తడుముతారు, అడుగున పాకిన నాచుని గోటితో గీరి వాసన చూస్తారు, ఇంజన్‌ని ముందురోజే వచ్చి విని వెళ్తారు. ఉప్పు ఏం చేస్తుందో వీళ్ళకి చెప్పేవాడు పుట్టలేదు. అదే మనిషి నాలుగు చక్రాల దగ్గరికి వచ్చేసరికి సీటు కవర్లు నలుపుతాడు. నా కోపం అసలు బ్రోకరు మీద కాదు, అతని వృత్తి అతను చేసుకుంటున్నాడు. అడుగు చూడ్డం తెలిసి కూడా చూడని ఈ పెద్దమనిషి మీదే.

కాయితాల సంగతి కొంచెం. కొనేది కమర్షియల్ బండి అయితే ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో చూడాలి. ఎనిమిదేళ్ళ లోపు బండికి రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటేటా బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందుకి వెళ్ళాల్సిందే. ఫైనాన్స్ తీరితే 35వ నంబరు ఫారం మీద ఫైనాన్స్ వాళ్ళ సంతకం ఉండాలి, "ఎప్పుడో తీరిపోనాది" అన్న మాట చాలదు. మెయిన్‌లాండ్ బండికి ఎన్‌ఓసీ లేకపోతే దాన్ని తాకవద్దు. పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచాలంటే ఏఎన్ నంబరు వేయించక తప్పదు.

అసలు నాటకం 29, 30 ఫారాల దగ్గర. అమ్మేవాడు వాటి మీద ఖాళీగా సంతకాలు పెట్టి ఇచ్చేస్తాడు. తేదీ ఉండదు, కొన్నవాడి పేరు ఉండదు. "నీకు ఎప్పుడు కావాల్తే అప్పుడు మార్పించుకో బావా" అంటాడు, అదేదో ఉదారత అయినట్టు. కొన్నవాడు ఫీజు మిగిలిందని మురిసిపోయి, రెండేళ్ళు తోలి, అవే ఖాళీ ఫారాలతో ఇంకొకడికి అమ్ముతాడు. ఆ ఇంకొకడు షహీద్ ద్వీప్‌కి తీసుకుపోతాడు. పోర్ట్‌బ్లెయిర్ అంతటి ఊరు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అని పేరు మార్చుకుంది గానీ, ఒక మాసిపోయిన వ్యాను సీ బుక్కులో పేరు మాత్రం మారదు. మొదటి ఓనరు ఈలోగా రిటైరై సామాను సర్దుకుని, ఓడెక్కి సొంతూరు వెళ్ళిపోయి ఉంటాడు.

చట్టం ప్రకారం అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో తెలియజెయ్యాలి, కొన్నవాడు ముప్ఫై రోజుల్లో మార్పించుకోవాలి. ఎవరూ ఖాతరు చెయ్యరు, ఎందుకంటే ఇది కొన్నవాడి తలనొప్పి అని అందరి నమ్మకం. అది ఎవరి తలనొప్పో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. పేరు మార్చకుండా ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ పోయిన ఒక కారు మనుషుల్ని గుద్దిన కేసులో, పరిహారం ఇవ్వాల్సింది రికార్డులో ఓనరుగా ఉన్నవాడేనని చెప్పింది. బండి ఎప్పుడో అమ్మేశాను, అది ఎక్కడుందో కూడా నాకు తెలీదు అన్న వాదన అక్కడ చెల్లలేదు.

ఖాళీ ఫారాలు చేతిలో పెట్టబోయినప్పుడు ఈ ఒక్క సంగతి బ్రోకరుకి కాదు, బండి అసలు యజమానికి వినబడేలా చెప్పండి. డబ్బు పూర్తిగా ఇవ్వకుండా, కొంచెం గట్టిగా చెప్పండి. మర్నాడు పొద్దున్న రవాణా శాఖ ఆఫీసు తలుపు తీసేసరికి అక్కడ మీకంటే ముందు ఆయనే నిలబడి ఉంటాడు. వచ్చేది ఆ వ్యాను మీదే. స్టార్టింగ్ ఆపకుండా పార్క్ చేసి ఉంటే మాత్రం తాళం తిప్పి ఆపించండి, ఆయన పని అయ్యేదాకా ఇంజన్ చల్లారనివ్వండి.